అక్కడ ఉన్నవాడి మాట

యుద్ధం గురించి ఏ చర్చ మొదలైనా, దాన్ని అర్ధంతరంగా ఆపేసే మాట ఒకటుంది: "అక్కడ నువ్వున్నావా?" చరిత్రకారుడు దస్త్రాలు తిరగేసేవాడు, పాత్రికేయుడు రెండు ఫొటోలు తీసుకుని వెనక్కి తిరిగేవాడు, ప్రభుత్వం సంగతి సరేసరి. తూటా దెబ్బ తిన్నవాడు ఒక్కడే నిజం చెబుతాడని మన నమ్మకం. అందుకే సైనికుడి జ్ఞాపకాల పుస్తకం చేతికొస్తే చదవడం మానేసి దణ్ణం పెడుతున్నాం. సమీక్షకులు "కళ్లకు కట్టినట్టుంది", "గుండె బరువెక్కింది" అని రాసి సరిపెడతారు. ఎప్పుడు రాశాడు, ఎవరి కోసం రాశాడు, మొదటి ముద్రణకీ మూడో ముద్రణకీ ఏం మారింది, పక్కనున్నవాడు అదే రోజు గురించి ఏమన్నాడు అని అడిగితే మర్యాద తప్పినట్టు చూస్తారు.

ఈ నమ్మకం తప్పు. మర్యాద పేరుతో మనం చేస్తున్న ఈ పని సైనికుడికీ మేలు చెయ్యదు, నిజానికీ మేలు చెయ్యదు.

మొదట మన ఇంటి సరుకే చూద్దాం. ప్రత్యక్షానికి ప్రమాణమెందుకని వాదించేవాళ్లు ఒక సంగతి మరిచిపోతారు. చూసింది సైనికుడు, మనం చదువుతున్నది అతని మాట. మనకది ప్రత్యక్షం కాదు, శబ్దం. రాయడానికి కూర్చునే వేళకి అతనికి కూడా అది స్మృతే. స్మృతిని మన తార్కికులు ప్రమ కింద జమకట్టలేదు. తర్కసంగ్రహం దగ్గర ఆగిపోయిన విద్యార్థికైనా తెలిసిన విషయమిది. మహాభారతం ఇంకో అడుగు ముందుకేసింది. పద్దెనిమిది రోజుల యుద్ధాన్ని ధృతరాష్ట్రుడికి చెప్పే పనిని అందులో పోరాడిన మహారథుడెవరికీ అప్పగించలేదు. సంజయుడికి దివ్యదృష్టి ఇప్పించి మరీ చెప్పించింది. రథం మీద నిలబడ్డవాడికి ఎదుటి రథం, దాని దుమ్ము మాత్రమే కనిపిస్తాయని ఆ కథ కట్టినవాళ్లకు తెలుసు.

పోనీ ఈ పూజ అనాదిగా వస్తున్నదా అంటే అదీ లేదు. క్రీ.పూ. 401లో కునాక్సా యుద్ధం తరవాత పర్షియా సామ్రాజ్యం నడిబొడ్డున చిక్కుకుపోయిన పదివేలమంది గ్రీకు కిరాయి సైనికుల్ని నల్లసముద్రం దాకా నడిపించుకొచ్చిన నాయకుల్లో జెనోఫన్ ఒకడు. ఆ ప్రయాణం మీద అతను రాసిన 'అనబాసిస్'లో తన ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా "జెనోఫన్ ఇలా చేశాడు" అనే ఉంటుంది, "నేను" ఉండదు. పైగా మరో పుస్తకంలో ఈ కథ రాసింది సిరక్యూస్ వాడైన థెమిస్టోజెనీస్ అని చెప్పాడు. తన గొప్ప తాను చెప్పుకుంటే ఎవరూ నమ్మరు, పరాయివాడు చెప్పినట్టుంటే నమ్ముతారు అనుకుని అలా చేశాడని ప్లూటార్క్ వివరణ. అంటే ఆ కాలంలో "నేనక్కడున్నాను" అన్న మాట నమ్మకం పెంచేది కాదు, తగ్గించేది.

మెక్సికోను జయించిన స్పానిష్ దండులో మామూలు సిపాయి బెర్నాల్ డియాజ్. అటువైపు అడుగైనా పెట్టని గోమరా అనే పండితుడు 1552లో ఆ విజయాన్నంతా దండు నాయకుడు కోర్తెస్ ఖాతాలో వేసి పుస్తకం అచ్చేశాడు. ముసలితనంలో గ్వాటెమాలాలో కూర్చున్న డియాజ్‌కి ఒళ్లు మండి, 'నిజమైన చరిత్ర' అని పేరు పెట్టి మరీ తన పుస్తకం రాశాడు. అది అచ్చయింది 1632లో, అతను పోయిన చాలా ఏళ్లకి. అతను కూడా నేనక్కడున్నానని బల్ల గుద్దినవాడే. కానీ ఆ గుద్దు వెనక ఉన్నది మనం ఇప్పుడు అనుకునే గుండెకోత కాదు, లెక్కాచారం: కష్టం మాది, దక్కాల్సిన ఊళ్లూ గౌరవాలూ మాకు దక్కలేదు, రాజుగారు గమనించాలి. 'సేపియన్స్' రాసిన హరారీని తెలుగులోనూ చదువుతున్నాం కదా. ఆయన అంతకుముందు చేసిన పరిశోధనలో చాలా భాగం సైనికుల జ్ఞాపకాల మీదే. బాధపడ్డవాడికి లోకానికి తెలియని సత్యమేదో తెలుస్తుందన్న ఊహ 18వ శతాబ్దం నుంచి మెల్లగా పెరిగిందని, అంతకుముందు సైనికులు తమ గాయాల గురించి కూడా వాతావరణం గురించి రాసినట్టే రాసేవారని ఆయన చూపించాడు. నిన్నగాక మొన్న పుట్టిన ఊహను సనాతన ధర్మంలా పాటిస్తున్నామన్నమాట.

సరే, కొత్తదైతే మాత్రం తప్పెందుకవాలి అని అడగొచ్చు. జవాబు కోసం ఒకే పటాలంలోకి వెళదాం. మొదటి ప్రపంచయుద్ధంలో రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్ రెండో బెటాలియన్. సైనికుల జ్ఞాపకాల మీద నమ్మకం ఉన్నవాళ్లంతా ఈ ఒక్క బెటాలియన్ పుస్తకాలు వరసగా చదివితే చాలు.

రాబర్ట్ గ్రేవ్స్ అందులో అధికారి. 1916 జులైలో సోమ్ దగ్గర గాయపడి, చనిపోయాడని ఇంటికి కబురు వెళ్లాక బతికి బట్టకట్టినవాడు. 1929లో 'గుడ్‌బై టు ఆల్ దట్' అచ్చయింది. దాని మీద ముందు విరుచుకుపడ్డది కుర్చీల్లో కూర్చున్న పండితులు కారు. అదే బెటాలియన్‌లో పనిచేసిన అతని స్నేహితుడు సీగ్‌ఫ్రీడ్ ససూన్, అదే యుద్ధంలో వేరే రెజిమెంటులో పోరాడిన కవి ఎడ్మండ్ బ్లండెన్. ఇద్దరూ కలిసి ఒక ప్రతిని ముందేసుకుని అంచుల నిండా తప్పులు ఎత్తిరాశారు. తన తల్లి గురించిన ఒక భాగం తీయించేదాకా ససూన్ ఊరుకోలేదు. గ్రేవ్స్ మాత్రం సిగ్గుపడలేదు. డబ్బు అవసరమై రాశానని, జనం ఇష్టపడే దినుసులు ఏరికోరి కలిపానని మరుసటి ఏడాదే చెప్పేశాడు. పైగా, కందకాల్లో అంత నరకం చూసినవాడి జ్ఞాపకాల్లో అబద్ధాలు దండిగా లేకపోతేనే అనుమానించాలన్న ధోరణిలో ఎదురు తిరిగాడు. ఈ మాటలో వంకరతనం ఉంది, కానీ మన సమీక్షకుల భక్తిలో లేని నిజాయితీ కూడా ఉంది.

ససూన్ తాను రాసిందేమిటి? 1930లో వచ్చిన 'మెమయిర్స్ ఆఫ్ ఏన్ ఇన్‌ఫెంట్రీ ఆఫీసర్'లో కథానాయకుడి పేరు జార్జ్ షెర్స్టన్. అనుభవాలన్నీ ససూన్‌వే, కానీ షెర్స్టన్‌కి కవిత్వం రాయడం రాదు. ఆ యుద్ధంలో ఇంగ్లండ్‌కి ససూన్ ఎవరో తెలిసిందే కవిత్వం వల్ల. తన బతుకులో సగాన్ని తీసి పక్కన పెట్టి, మిగిలిన సగానికి వేరే పేరు పెట్టి జ్ఞాపకాలన్నాడు. గ్రేవ్స్‌కి కూడా అందులో మారుపేరే.

ఇదంతా చదువుకున్న అధికారుల వ్యవహారం, మామూలు జవాను రాస్తే కల్తీ ఉండదంటారా? అదే బెటాలియన్‌లో ఫ్రాంక్ రిచర్డ్స్ ఉన్నాడు. వేల్స్ గనుల్లో పనిచేసినవాడు, యుద్ధానికి ముందు ఇండియా, బర్మాల్లో సిపాయిగా ఉన్నవాడు, పదోన్నతి ఇస్తామన్నా వద్దని యుద్ధమంతా ప్రైవేటుగానే గడిపినవాడు. అతని 'ఓల్డ్ సోల్జర్స్ నెవర్ డై' 1933లో వచ్చింది. కింది సిపాయి గొంతు అంటే ఇలా ఉండాలని అందరూ మెచ్చుకునే పుస్తకం. నేనూ మెచ్చుకుంటాను. ఆ చేతిరాతను అచ్చుకి తగ్గట్టు సరిదిద్దిపెట్టింది ఎవరో తెలుసా? రాబర్ట్ గ్రేవ్స్.

ఇక నాలుగో మనిషి, ఆ బెటాలియన్ డాక్టరు జె.సి. డన్. నా దృష్టిలో అందరికంటే తెలివైనవాడు ఈయనే. తన ఒక్కడి జ్ఞాపకాన్ని నమ్ముకోకుండా, తోటివాళ్ల దినచర్యలూ ఉత్తరాలూ గుర్తులూ సేకరించి, తేదీల వారీగా పేర్చి, 1938లో తన పేరు కూడా వేసుకోకుండా 'ది వార్ ది ఇన్‌ఫెంట్రీ న్యూ' తెచ్చాడు. ససూన్ కూడా అందులో కొంత రాశాడు. గ్రేవ్స్ పుస్తకం లక్షలమందికి తెలుసు, డన్ పుస్తకం చరిత్ర విద్యార్థులకి తెలుసు. పేరు ఎటు పోతుందో నిజం అటే ఉండాలని లేదు.

అటు ఫ్రాన్సులో సరిగ్గా 1929లోనే ఇంకో సైనికుడు ఇదే పనిని మరింత కఠినంగా చేశాడు. జాన్ నార్టన్ క్రూ. వెర్దన్‌లో పోరాడి, తరవాత అమెరికాలో ఫ్రెంచి పాఠాలు చెప్పుకునేవాడు. ఫ్రెంచి సైనికులు రాసిన సుమారు 300 పుస్తకాలు చదివి, ప్రతి రచయితా ఏ దళంలో, ఏ హోదాలో, ఎన్నాళ్లు ముందువరసలో ఉన్నాడో లెక్కగట్టి, రాసిందాన్ని దానితో సరిచూశాడు. తేలిందేమిటి? తుపాకి మొనకు కత్తి బిగించి ముఖాముఖి పొడుచుకునే దృశ్యాలు, గుట్టలుగా శవాలు, పారే నెత్తురు చాలావరకు పాత పుస్తకాల నుంచీ, వెనకాల పత్రికల నుంచీ అరువు తెచ్చుకున్నవి. యుద్ధ వ్యతిరేకులు నెత్తిన పెట్టుకున్న నవలాకారుడు బార్బూస్‌నీ ఆయన వదల్లేదు. ఎంత గొడవ జరిగిందో చెప్పక్కర్లేదు. కానీ ఆయన ఉద్దేశం సైనికుల మాట తీసిపారేయడం కానే కాదు. మోరిస్ జెనెవ్వా లాంటివాళ్లు దినచర్యను ఆధారం చేసుకుని రాసిన పుస్తకాల్ని అందరికంటే పైమెట్టు మీద కూర్చోబెట్టాడు. గింజనీ పొల్లునీ ఒకే చేటలో పోసి మొక్కేవాళ్లకు ఆయన అర్థం కాలేదు.

ఇక్కడ ఎదుటిపక్షం తన చివరి కోటలోకి వెళుతుంది: వివరాలు తప్పయితేనేం, భావం నిజం కదా!

ఈ కోట చాలా అందంగా ఉంటుంది కాబట్టే ప్రమాదకరం. గీ సాజెర్ అనే అల్సాస్ కుర్రాడు జర్మన్ సైన్యంలో చేరి రష్యా రంగంలో పడ్డ పాట్లు 1967లో 'మరిచిపోయిన సైనికుడు' అన్న అర్థం వచ్చే పేరుతో ఫ్రెంచిలో పుస్తకమయ్యాయి. దళం పేరున్న పట్టీ యూనిఫాం ఏ చేతికి ఉండాలో కూడా తప్పు రాశాడని, అసలు ఆ దళంలో ఉన్నాడా అని కొందరు నిలదీశారు. ఆయన జవాబు ఇదే: అలాంటి చిల్లర వివరాలకు పూచీ పడలేను, నేను రాసింది అనుభూతి. చేతిపట్టీ సంగతి నాకూ పట్టదు. కానీ ఆ అనుభూతి ఏమిటి? చలి, ఆకలి, స్నేహితుల చావు, జర్మన్ కుర్రాళ్ల దైన్యం. అదే రంగంలో తగలబడ్డ ఊళ్లూ, చంపబడ్డ యూదులూ, మొత్తం మీద 2 కోట్ల 70 లక్షలమంది సోవియట్ ప్రజల చావులూ ఆ అనుభూతికి అంచుల్లో మసకగా మిగిలిపోతాయి. భావం నిజమే కావచ్చు. ఎవరి భావం, దేన్ని తెరవెనక్కి నెడుతోంది అని అడగకపోతే ఆ నిజం నేరస్థుడికి దుప్పటి అవుతుంది.

ఆ భావం ఒక్కచోట నిలబడుతుందా అంటే అదీ అనుమానమే. ఎర్న్‌స్ట్ యుంగర్ 1920లో తొలిసారి అచ్చేసిన 'ఉక్కు తుపాను'ను మళ్లీ మళ్లీ తిరగరాశాడు. 1924 ముద్రణలో జాతీయవాదం పొంగింది, 1934 ముద్రణలో దాన్ని తగ్గించాడు. అదే కందకం, అదే గాయం, అదే మనిషి. ఏ ముద్రణలోది అక్కడున్నవాడి మాట?

నాకు అన్నిటికంటే గట్టిగా తగిలే ఉదాహరణ జపాన్‌ది. 1937లో చైనాలోని నాన్‌జింగ్‌లో ఉన్న దళాల్లో సైనికుడైన అజుమా షిరో, తమవాళ్లు అక్కడ చేసిన ఘోరాల్ని తన దినచర్య ఆధారంగా 1987లో పుస్తకం చేశాడు. ఒక సంఘటనలో తన పేరు చెడగొట్టాడని పాత సహచరుడు 1993లో పరువునష్టం దావా వేశాడు. ఆ సంఘటనకు ఆధారం చాలదని 1996లో టోక్యో కోర్టు అజుమాకు వ్యతిరేకంగా తీర్పిచ్చింది, 2000లో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. అంతే, నాన్‌జింగ్ ఊచకోతే జరగలేదనేవాళ్లకు పండగయింది. ఒక మనిషి చెప్పిన ఒక సంఘటన రుజువు కాలేదు కనుక మొత్తం అబద్ధమేనని ఊరేగించారు. ఊచకోతకు అప్పుడు ఆ నగరంలో ఉన్న విదేశీయుల రాతలున్నాయి, ఇతర సైనికుల దినచర్యలున్నాయి, యుద్ధం తరవాతి విచారణల సాక్ష్యాలున్నాయి. కానీ సైనికుడి ఒక్క మాట మీదే చరిత్రను వేలాడదీసే అలవాటు వల్ల ఆ ఒక్క మేకు ఊడగొడితే చాలని వాళ్లకు అర్థమైంది. పూజ చేసేవాళ్లే ఈ పని సులువు చేసిపెట్టారు. ఇంకో వింత: "అక్కడున్నవాడిని ప్రశ్నించొద్దు" అనే దేశభక్తులు, ఉన్నవాడు దేశానికి నచ్చని నిజం చెప్పగానే అందరికంటే ముందు కోర్టుకెళతారు.

అసలు ఆ మాట ఎవరి చేత్తో కాగితం మీదికి వచ్చిందో కూడా చూడాలి. నెపోలియన్ యుద్ధాల్లో పోరాడిన రైఫిల్‌మన్ హారిస్ చెప్పులు కుట్టేవాడు, చదువురానివాడు. అతని జ్ఞాపకాల్ని కెప్టెన్ కర్లింగ్ రాసుకుని 1848లో తెచ్చాడు. మనదేశంలో సీతారాం పాండే కథ ఇంకా చిక్కు. బెంగాల్ సైన్యంలో 1812 నుంచి దాదాపు 48 ఏళ్లు పనిచేసి సుబేదారు అయిన సిపాయి ఆత్మకథగా, నార్గేట్ అనే ఇంగ్లీషు అధికారి అనువాదంగా 1873లో ఆ పుస్తకం వెలువడింది. మూలప్రతి ఇంతవరకూ దొరకలేదు. అందులో 1857 తిరుగుబాటులో పట్టుబడ్డ సొంత కొడుకును కాల్చే దళం తండ్రి వంతుకే వస్తుంది. తరవాత ఆ పుస్తకాన్ని తిరిగి హిందుస్తానీలోకి మార్చి, బ్రిటిష్ అధికారుల భాషా పరీక్షలకు పాఠంగా పెట్టారు. సీతారాం నిజంగా ఉన్నాడా లేడా అన్నదాని మీద పండితులు ఇంకా తగువులాడుతున్నారు. నా అనుమానం ఇంకోచోట ఉంది. ఉన్నాడనే అనుకుందాం. తిరుగుబాటు అణిచేసిన కొన్నేళ్లకి పై అధికారి అడిగితే పింఛను తీసుకునే సుబేదారు ఏం రాస్తాడు? నమ్మకస్తుడైన సిపాయి కథ ఎవరికి కావాల్సి వచ్చిందో, ఎన్ని దశాబ్దాలు కావాల్సి వచ్చిందో ఆ పరీక్షల సిలబసే చెబుతోంది. అలాగని చెత్తబుట్టలో వెయ్యమనను. యజమాని ఎదుట సేవకుడు ఎలా మాట్లాడేవాడో ఆ పుస్తకం నుంచి తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

దీని పక్కన బెంగాలీ యువకుడు శిశిర్ ప్రసాద్ సర్వాధికారి రాసిన 'అభి లే బాగ్దాద్' పెట్టి చూడండి. బెంగాల్ అంబులెన్స్ దళంలో చేరి, 1916 ఏప్రిల్‌లో మెసొపొటేమియాలోని కూత్ లొంగిపోయినప్పుడు తురుష్కులకు బందీ అయ్యాడు. దినచర్య కాగితాల్ని బూట్లలో దాచుకుని కాపాడాడు. ఆ పుస్తకం వచ్చేసరికి 1950లు చివరికొచ్చాయి. ఇంగ్లీషు సాహెబు ఎవరూ దాన్ని దిద్దలేదు, మెచ్చుకోనూ లేదు. తురుష్కుల చేతిలో ఆర్మీనియన్లకు ఏం జరిగిందో ఒక భారతీయుడు తన భాషలో తనవాళ్ల కోసం రాసుకున్న పుస్తకమది. రెండూ సైన్యంలో పనిచేసిన భారతీయుల జ్ఞాపకాలే. రెంటినీ ఒకే దణ్ణంతో సరిపెట్టడం కంటే అన్యాయం ఏముంటుంది?

మన కాలానికొస్తే 1962. నామ్‌కా చూ వాగు దగ్గర 7వ బ్రిగేడ్ నాయకుడు జాన్ దాల్వీ, అక్టోబరు 20న చైనా దాడి చేస్తే రెండు రోజుల తరవాత బందీ అయ్యాడు. 1969లో 'హిమాలయన్ బ్లండర్' రాశాడు. ఆయన పైనున్న 4వ కోర్ నాయకుడు బి.ఎం. కౌల్ అంతకు రెండేళ్ల ముందే 'ది అన్‌టోల్డ్ స్టోరీ' తెచ్చాడు. ఇద్దరి మధ్యనున్న డివిజన్ నాయకుడు నిరంజన్ ప్రసాద్ పుస్తకం 1981లో వచ్చింది. ముగ్గురూ ఆ రంగంలో ఉన్నవాళ్లే, తప్పు మాత్రం ముగ్గురి పుస్తకాల్లోనూ ప్రధానంగా ఇంకెవరిదో. దాల్వీ వైపే నా మొగ్గు, ఆయన పుస్తకంలో కోపంతోపాటు లెక్కలూ ఉన్నాయి కనుక. అయినా ఆ వాగు ఒడ్డున నిలబడ్డ 2 రాజ్‌పుత్, 1/9 గూర్ఖా జవాన్ల గొంతు ఈ మూడింటిలోనూ అధికారుల కలం దాటాకే మన చెవిన పడుతుంది. ఆ ఓటమిపై సైన్యం జరిపించిన హెండర్సన్ బ్రూక్స్ విచారణ నివేదికను ప్రభుత్వం అధికారికంగా ఇప్పటికీ బయటపెట్టలేదు. సరిచూసుకునే కాగితం తాళం వేసి ఉన్నంతకాలం జ్ఞాపకాలు ఒకదాని మీద ఒకటి అరుచుకుంటూనే ఉంటాయి.

తెలుగులో యుద్ధస్మృతుల అసలు భాండారం తెలంగాణ సాయుధ పోరాటానిది. అక్కడా ఇదే కథ. 1948 సెప్టెంబరులో యూనియన్ సైన్యం దిగాక పోరాటం ఆపాల్సిందని రావి నారాయణరెడ్డి అన్నారు, కొనసాగించడం సబబేనని పుచ్చలపల్లి సుందరయ్య అన్నారు. ఇద్దరూ నాయకులే, ఇద్దరి త్యాగానికీ వంక పెట్టలేం. అయితే ఆ ఇద్దరి పుస్తకాలూ చెప్పని మాటలు 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'లో బయటపడ్డాయి. దళాల్లో పనిచేసిన ఆడవాళ్లు తుపాకుల గురించే కాదు, రహస్య జీవితంలో పిల్లల్ని ఏం చేశారో, పోరాటం ముగిశాక పార్టీ తమను ఎలా ఇళ్లకు పంపించేసిందో కూడా చెప్పారు. ఎందుకు చెప్పగలిగారు? ఎదురుగా కూర్చున్న స్త్రీలు వీరగాథలు చెప్పమని చేతులు జోడించకుండా, ప్రశ్నలు అడిగారు కనుక. అడిగిన తీరును బట్టి జ్ఞాపకం మారుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం నాకక్కర్లేదు.

ఇంట్లో కూర్చున్నవాడికి ఈ హక్కెక్కడిదని ఇంకా అనేవాళ్లకు ఒకటే జవాబు. పుస్తకం అచ్చేయించింది ఇంట్లో కూర్చున్నవాడు చదవడానికే. పోరాడినవాళ్లు తమలో తాము చెప్పుకోవడానికైతే అచ్చు అక్కర్లేదు. నిజంగా సైనికుడి మాట మీద గౌరవముంటే, ఆ మాటను ఆపే బల్లల మీద పడాలి కోపం. మాజీ సైన్యాధిపతి నరవణే జ్ఞాపకాల్లోని కొన్ని సంగతులు 2023 చివర్లో పత్రికలకెక్కాక, 2024 మొదట్లో రావాల్సిన ఆ పుస్తకం రక్షణశాఖ పరిశీలన పేరుతో ఆగిపోయింది. సరిహద్దు జవాను పేరెత్తితే కళ్లొత్తుకునే గొంతులు అప్పుడు పెద్దగా వినపడలేదు.

పశ్చిమ గోదావరిలోని మిలిటరీ మాధవరం లాంటి ఊళ్లలో రెండో ప్రపంచయుద్ధం వాళ్లు దాదాపు వెళ్లిపోయారు. 1965, 1971 చూసినవాళ్లు వృద్ధులయ్యారు. వాళ్ల దగ్గరికి ఫోన్ పట్టుకుని వెళ్లే కుర్రాళ్లు శాలువా కప్పి, జై జవాన్ అనిపించి, మూడు నిమిషాల వీడియోతో తిరిగొస్తున్నారు. ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టి, ఓపిగ్గా, పెన్షను పుస్తకం పక్కన పెట్టుకుని అడగాల్సినవి అడగండి: ఏ రెజిమెంటు తాతా, ఏ నెల, ఏ కొండ, అప్పుడు మీ పక్కన ఎవరున్నారు, వాళ్లింకా ఉన్నారా, ఆయన కూడా ఇలాగే చెబుతాడా?